ఆగిపోయిన ఆల్బం

మైపాడు బస్సులో నా పక్కన కూర్చున్నతనికి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. "వస్తా ఉండా పెద్దమ్మా, వచ్చి బాగుచేస్తాలే," అని బతిమాలి, నావైపు తిరిగాడు.

"పాత కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి, ఇంటిల్లిపాది ఫొటోలకీ ఉచితంగా దొరికే ఆల్బం యాప్ ఒకటి పెట్టినానన్నా. పొద్దున ఆ సర్వర్ ఆగిపోయింది. అందరూ నన్ను ఒకటే తిట్లు. ఎందుకు పెట్టినానా అనిపిస్తా ఉంది."

నేనూ ఆదివారాలన్నీ ధారపోసి మా ఇంట్లో అలాంటి సర్వరే పెట్టాను. అందరికీ పాస్‌వర్డులు కూడా ఇచ్చాను. ఆ సంగతి అతనికి చెప్పబుద్ధి కాలేదు.

మళ్ళీ ఫోన్ మోగింది. "చూడన్నా, ఇప్పుడు మా చెల్లెలు!" అని విసుక్కున్నాడు. నాకు కడుపు మండిపోయింది.

ఆ రోజు ఇంటికి రాగానే నా సర్వర్ ఆపేశాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.