తడిగోనెలో కొర్రమట్ట

ఈ కింద రాసేదంతా అక్షరాలా నిజమని, చేతిలో ఉప్పు పట్టుకొని తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. నన్ను ఎరిగినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీయండి.

పందొమ్మిది వందల నలభైల నాటి మాట. మా కాపురం ఫలక్‌నుమా దిగువన ఒక గల్లీలో. నా భార్యకు మియాదీ జ్వరం, అదే టైఫాయిడ్, తగ్గి పది రోజులైనా నోటికి ముద్ద పోవడం లేదు. గంజి పోస్తే కక్కేది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. హకీంసాబు నాడి చూసి, కొర్రమట్ట చేప పులుసు పెట్టమన్నాడు. “పానంతోటి ఉన్నదాన్నే కొయ్యాలె. సచ్చినదాన్ని వండిపెట్టి నన్ను పిలవకు” అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు భయం పట్టుకుంది.

మరునాడు పొద్దున్నే మీరాలం చెరువులో, చిన్న కప్పను గుచ్చి గాలం వేశాను. ఎండెక్కేసరికి మూరెడు కొర్రమట్ట పడింది. వేరే చేపలు ఒడ్డున పడితే కాసేపే. ఇది గాలి మింగి బతుకుతుంది, ఒళ్లు ఆరకపోతే చాలు. నాచు చుట్టి, గోనెలో పెట్టి, దారిలో కనిపించిన ప్రతి నల్లా దగ్గరా తడుపుకుంటూ నడిచాను. ఇల్లు చేరి విప్పితే నోరు తెరిచి నన్నే చూస్తోంది.

అమ్మ చేపకు బూడిద రాసి పొలుసు తీయడం చిన్నప్పుడు చూశాను. అంతకు ముందే రోకలితో తలమీద ఒక్కటి వేస్తుందని మాత్రం చూడలేదు. నేను బతికున్నదానికే బూడిద పూశాను. అది చేతిలోంచి ఎగిరి, వాడిన నీళ్లు పోయే మోరీలో దూరి గల్లీలోకి పోయింది. ఒంటినిండా బూడిదతో, రెక్కల మీద పాకుతూ, నడిమధ్యన నడుస్తోంది. టాంగా గుర్రం ఆగి తల వంచింది. నమాజుకు పోతున్న ముసలాయన పక్కకు తప్పుకొని దారిచ్చాడు. వెనకాల నేను, కత్తితో. చివరికి పక్కింటి ఖాలా వాకిట్లో గంగాళం పక్కన ఆగింది.

“గీ బైరాగి మీ ఇంటోడేనా బేటా?” అంది ఖాలా.

“మా ఇంట్లో పులుసు కావాల్సినోడు ఖాలా.”

“సంపకుండనే బూడిద పూస్తరా? ఇగ నీ పెండ్లాం ఎట్ల బతికింది నీతోని?”

ఖాలాయే రోకలితో ఒక్కటి వేసి, తోక నుంచి తల వైపుకు పొలుసు గీకింది. పొట్ట చీల్చి చేదుతిత్తి పగలకుండా వేలితో తీసింది. గల్లుప్పు, పసుపు రాసి జిగురు పోయేదాకా నాతో కడిగించింది. కుండలో కాస్త చింతపులుసు, మిరియాలు, వెల్లుల్లి వేసింది. గంటె పెడితే ముక్క విరుగుతుందని, గుడ్డతో కుండ అంచు పట్టుకొని తిప్పమంది.

గిన్నె తీసుకుపోతే నా భార్య గోడవైపు తిరిగింది. “నీసు వాసన. నాకొద్దు.”

“గీ చేప ఏం జేసిందో తెలుసునా? గల్లీల నడుసుకుంట పోయింది.”

ఇటు తిరిగింది. “చేప నడుస్తదా?”

“ముద్ద మింగు, చెప్త.”

మింగింది. గుర్రం ఎదురైందన్నాను.

“ఏమన్నది గుర్రం?”

ఇంకో ముద్ద. ముసలాయన దగ్గరికి వచ్చేసరికి గిన్నె సగమైంది. ఖాలా వాకిలి చేరేసరికి అడుగు కనిపించింది. అప్పుడు కథ ఆపి, కక్కుతుందేమోనని పళ్లెం పట్టుకొని మంచం పక్కన కూర్చున్నాను. పొద్దు వాలే వేళ అసర్ అజాన్ వినిపించింది. ఆమె నిద్రపోయింది. పళ్లెం పొడిగానే ఉంది. నేను అక్కడే గచ్చు మీద వాలిపోయాను.

లేచాక ఆమె అడిగిన మొదటి మాట, “పులుసు ఇంకేమన్న మిగిలిందా?”

ఇక ఒప్పుకోవాలి. చేప గల్లీలోకి పోనేలేదు. మోరీ తూములో తల ఇరుక్కుంటే తోక పట్టి లాగి, గోడమీదుగా ఖాలాను పిలిచాను. గుర్రం, ముసలాయన, ఆ నడక అంతా మంచం పక్కన, ముద్ద ముద్దకూ అప్పటికప్పుడు పుట్టించినవే. పులుసు, ఆమె తిన్న గిన్నె మాత్రం నిజం.