మా మరిది లాండ్రీ గదిలో చేసిన రికార్డు

మా మరిది పోయాడన్న కబురు ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్‌లో చెప్పింది. "పెద్దమ్మా, డాడీ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మార్నింగ్ కాఫీ అడిగారు. నేను తెచ్చేలోపు..." అని ఆగింది. ఆ పిల్ల అక్కడే పుట్టి పెరిగింది. ఇంత బరువైన మాట తెలుగులో చెప్పాల్సి రావడం దానికి ఇదే మొదటిసారి అనుకుంటాను. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. ఫోన్ పెట్టేసి మా ఆయనకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో మరిచిపోయినట్టు మళ్ళీ కూర్చున్నారు.

మీలో అతని పేరు విన్నవాళ్ళు ఉండరు. అతను సంగీతం మీద బతికినవాడు కాదు. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. అయితే ఎనభైల మొదట్లో, అమెరికాలో ఒక తెలుగువాడు కనిపిస్తే కారు ఆపి పలకరించే రోజుల్లో, ఎలక్ట్రిక్ గిటార్‌తో ఒక రాక్ రికార్డు చేశాడు. పాటలు తనే రాసి, తనే వాయించి, తనే ఫ్యాక్టరీకి ఇచ్చి గ్రామఫోను ప్లేట్లు తీయించాడు. వింటే నవ్వు రావాలని చేసిన రికార్డు అది. అందులో రెండో గొంతు నాది.

అతను మా ఇంటికి వచ్చింది డెబ్భైల చివర్లో. మేం పార్సిప్పనీలో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా మామగారు కాకినాడ దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఆయన తొందరగా పోయారు. అప్పటి నుంచి అత్తగారి వైద్యం, ఆడపడుచు పెళ్ళి, ఈ తమ్ముడి చదువు అన్నీ మా ఆయనవే. తమ్ముణ్ణి ఇక్కడికి రప్పించి ఎం.ఎస్. చదివించారు. ఎయిర్‌పోర్ట్‌లో అతను ఒక సూట్‌కేసుతో, దుప్పటిలో చుట్టిన గిటార్‌తో దిగాడు. "పుస్తకాలేవిరా?" అని అడిగారు మా ఆయన. "లైబ్రరీలో ఉంటాయట కదా అన్నయ్యా," అన్నాడు.

ఇంట్లో ఏ మెషిన్ చప్పుడు చేసినా ఆగి వినేవాడు. ఫ్రిజ్ ముందు నిలబడి, "ఇది పాడేది ఒక్క స్వరమే వదినా. కానీ శ్రుతి మాత్రం తప్పదు," అనేవాడు. కాఫీ తాగేముందు గిటార్ శ్రుతి చేసుకోవడం అలవాటు. శ్రుతి కుదిరేసరికి కాఫీ చల్లారిపోయేది. మళ్ళీ వేడిచేసి ఇవ్వడం నాకు అలవాటైంది.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో మన తెలుగు ఆరాధన జరిగేది. అక్కడ అతను మామూలు గిటార్ మీద కీర్తన ఎత్తుకుంటే, మడత కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా కళ్ళు మూసుకునేవారు. అంత వాయించగలిగినవాడు సొంతానికి రాసిన పాటలన్నీ నవ్వులాటవే ఎందుకయ్యాయి? అప్పట్లో నన్ను బాగా తొలిచిన ప్రశ్న ఇది.

మొదటి పాట పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మా అపార్ట్‌మెంట్లలో అప్పుడే స్మోక్ అలారాలు బిగించారు. పప్పుచారుకి పోపు వేశాను. ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ మాడింది. అలారం అందుకుంది. కింద ఫ్లాట్లవాళ్ళు బయటికి వచ్చేశారు. కాసేపటికి ఫైరింజన్ కూడా వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్న ఆయన తలుపు దగ్గర నిలబడి ఏం తగలబడుతోందని అడిగితే, "మస్టర్డ్," అన్నాను. ఆ సమయంలో తువ్వాలు పట్టుకుని విసరాల్సిన మా మరిది, హాల్లో తల పక్కకు వంచి అలారం వింటున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక, "వదినా, ఇంకో మిరపకాయ వేయండి. ఆ స్వరం మళ్ళీ వినాలి," అన్నాడు. నేను వేయలేదు. అయినా సాయంత్రానికి పాట తయారైంది. గిటార్ అచ్చం ఆ అలారంలాగే అరిచేది. మధ్యలో ఫైర్‌మన్ ఇంగ్లిష్‌లో ప్రశ్న వేస్తాడు, వదిన తెలుగులో జవాబు చెబుతుంది.

తర్వాత పాటలు వరసగా వచ్చాయి. మాల్ పార్కింగ్‌లో కారు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి, సాయంత్రం దాకా వెతికి, చివరికి బస్సులో ఇంటికొచ్చినవాడి పాట. ఆఫీసులో తన పేరు ఎవరూ సరిగా పలకకపోతే, వాళ్ళు పలికిన పేరుతోనే రెండో జీవితం మొదలుపెట్టినవాడి పాట. సగం ఇంగ్లిష్, సగం తెలుగు.

స్టూడియోకి వెళ్ళే స్తోమత లేదు. ఒక్కో వాయిద్యాన్నీ గొంతునూ విడివిడిగా పట్టే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో సంపాదించాడు. మా బిల్డింగ్ కింద లాండ్రీ గది ఉండేది. నేలంతా సిమెంటు, ఏం మోగినా గుండ్రంగా తిరిగి వచ్చేది. శనివారం పొద్దున్న అక్కడే రికార్డింగు. అతని ల్యాబ్‌లో పనిచేసే అమెరికన్ స్నేహితుడొకడు, భారీ మనిషి, డ్రమ్స్ వాయించేవాడు. అసలు డ్రమ్స్ తెస్తే బిల్డింగ్ ఒప్పుకోదని, సబ్బుపొడి వచ్చే పెద్ద అట్టడబ్బా తిరగేసి దానిమీద వాయించాడు. బట్టలు ఉతుక్కోవడానికి వచ్చినవాళ్ళు మొదట విసుక్కున్నారు. తర్వాత తర్వాత బుట్టలు పక్కన పెట్టి, మెషిన్ల మీద కూర్చుని వినేవారు.

ఒకరోజు నేనూ దుప్పట్లు డ్రయ్యర్‌లో వేసి నిలబడ్డాను. మైకు నా చేతికిచ్చాడు.

"వదినా, అవి ఆరేదాకా మీకు ఖాళీయే కదా. ఈ ఒక్క లైనూ పాడండి."

"నేను చర్చి కోయిర్‌లో వెనక వరసలో పాడేదాన్ని. రాక్ పాటలు నాకేం తెలుసు?"

"వెనక వరసే కావాలి. ముందు వరసలో నేనున్నాను."

"మీ అన్నయ్యకి తెలిస్తే?"

"అన్నయ్య కీర్తనలు తప్ప వేరే పాట వినరు. ఆయనకి తెలిసేసరికి మనకి పళ్ళూడిపోతాయి."

నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే పాడేశాను. రికార్డులో నా గొంతు వచ్చేముందు చిన్న నవ్వు వినిపిస్తుంది. దాన్ని తీసెయ్యమంటే తీయలేదు. డ్రయ్యర్‌లో ఒక చొక్కా గుండీ టకటకా కొట్టుకుంటున్న చప్పుడు కూడా అలాగే ఉంచాడు. దాని తాళానికే పాట వేగం సరిచేసుకున్నాడు.

రికార్డు అట్ట మీద ఫొటో నేను తీసిందే. మంచులో లుంగీ, దాని కింద స్నో బూట్లు, మెడలో ఎలక్ట్రిక్ గిటార్, ముఖం మాత్రం పాస్‌పోర్ట్ ఫొటోలో ఉన్నంత గంభీరం. ఎదుటి ఫ్లాట్ ముసలావిడ కిటికీ తెరిచి, అతను బాగానే ఉన్నాడా అని నన్ను అడిగింది. బాగానే ఉన్నాడని చెప్పాను గానీ, గట్టిగా చెప్పలేకపోయాను.

ప్లేట్లు అట్టపెట్టెల్లో వచ్చాయి. కోట్లు పెట్టుకునే అలమరలో సర్దాడు. అన్నయ్యకి ల్యాబ్ సామాను అని చెప్పాడు. కారులో వేసుకుని రికార్డుల షాపుల చుట్టూ తిరిగాడు. ఒక షాపువాడు దాన్ని పిల్లల పాటల్లో పెట్టాడు. ఇంకొకడు విదేశీ సంగీతం అరలో పెట్టాడు. "విదేశీ ఏంటి వదినా, మన బిల్డింగ్ కింద తయారైంది కదా," అని ఆశ్చర్యపోయాడు. విద్యార్థులు నడిపే కొన్ని కాలేజీ రేడియోలకు కూడా పంపాడు.

అక్కడే చిక్కు వచ్చింది. రికార్డులో చివరి పాట పేరు 'నలభై మైళ్ల అన్నయ్య'. హైవే మీద అప్పట్లో స్పీడు లిమిట్ యాభై ఐదు మైళ్లు. మా ఆయన ఎప్పుడూ నెమ్మదిగా పోయేవాళ్ళ కుడి లేన్ వదలకుండా, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, నింపాదిగా పోయేవారు. ఆ పాటలో గిటార్ వెనక కార్లు కొట్టే హారన్లలా మోగుతుంది. 'తాబేలు కూడా లైటు కొట్టి మమ్మల్ని దాటిపోయింది' అని రెండో చరణం.

ఒక ఆదివారం చర్చికి వెళ్తున్నాం. కొడుకు దగ్గరికి ఇండియా నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారినీ, ఆయన భార్యనూ ఎక్కించుకున్నాం. మా మరిది ఆ రోజు మా కారులో లేడు గానీ, ముందురోజు కారు తీసుకెళ్ళి రేడియోని కాలేజీ స్టేషన్ మీదే వదిలేశాడు. మా ఆయన వాతావరణం వార్తల కోసం రేడియో పెట్టారు. వచ్చింది ఆ పాట.

నాకు సీటు బెల్టు బిగుసుకుపోయినట్టైంది. వెనక నుంచి హెడ్‌మాస్టరు గారు పగలబడి నవ్వుతున్నారు. "ఎవడో మన కుర్రాడే. భలే పాడుతున్నాడండీ. ఎవరన్నయ్యో పాపం," అన్నారు. ఆయన భార్య కొంచెం ముందుకు వంగి, నా వైపు చూసి, "ఆ ఆడగొంతు అచ్చం మన అమ్మాయి గొంతులా లేదూ?" అంది.

రెండో చరణం అవుతుండగా మా ఆయన రేడియో కట్టేశారు. మిగిలిన దారంతా యాభై ఐదులో నడిపారు. ఆ రోజు కారులో నాకు మొదటిసారి భయం వేసింది.

ఇంటికొచ్చాక తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగారు. "నీకు నవ్వుకోడానికి నేనే దొరికానా?"

"తప్పయింది అన్నయ్యా," అని మాత్రం అన్నాడు.

పాటకు మూడో చరణం ఉంది. అది ఆయన వినలేదు. వంటింట్లో నేను మా మరిదికి అదే చెప్పాను, ప్లేటు పెట్టి చివరిదాకా వినిపించమన్నాను.

"వద్దు వదినా. కూర్చోబెట్టి వినిపిస్తే అది పాట కాదు, సంజాయిషీ. మీరు కూడా చెప్పకండి."

నేను చెప్పలేదు. ఆ చలికాలమంతా అన్నదమ్ములిద్దరూ అన్నం ముందు కూర్చుని, ఉప్పు అందుకోమనీ, కారు తాళాలెక్కడనీ తప్ప మాట్లాడుకోలేదు. గిటార్ గోడకు ఆనించే ఉండేది. అతను కాఫీ వేడిగానే తాగేవాడు. అది చూస్తే నాకు బాధగా ఉండేది. వసంతం వచ్చేసరికి అతనికి ఇల్లినాయ్‌లో ఉద్యోగం వచ్చింది. కావాలనే దూరం వెతుక్కున్నాడేమో అనుకున్నాను.

అతను వెళ్ళే ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక బేస్‌మెంట్‌లో సంఘమంతా కలిసి భోజనాలు పెట్టుకున్నాం. పాస్టరు గారు ప్రార్థన చేసి అతన్ని దీవించారు. అంతలో హెడ్‌మాస్టరు గారు పులిహోర ప్లేటుతోనే లేచారు. ఆ పాట పాడింది ఎవరో ఆయనకి అప్పటికి తెలిసిపోయింది.

"బాబూ, ఆ కారు పాట పాడవయ్యా. ఆ రోజు సగమే విన్నాం."

గదిలో కొందరికి సంగతి తెలుసు. మా మరిది అన్నయ్య వైపు చూశాడు. మా ఆయన ప్లేటులోంచి తల ఎత్తకుండానే, "పెద్దాయన అడిగారుగా. పాడు," అన్నారు.

మామూలు గిటార్ మీద, రికార్డులో కన్నా నెమ్మదిగా ఎత్తుకున్నాడు. హారన్ల దగ్గర పిల్లలు నవ్వారు, తాబేలు దగ్గర పెద్దవాళ్ళూ నవ్వారు. నేను కూర్చున్నచోటి నుంచే రెండో గొంతు అందుకున్నాను. అప్పుడు మూడో చరణం వచ్చింది.

'వెనక సీట్లో అమ్మ ఉంది, చెల్లెలి పెళ్ళి ఉంది,
నా కాలేజీ ఫీజుంది, నాన్న వదిలెళ్ళిన ఇల్లుంది,
గట్టిగా బ్రేకేస్తే ఎవరికి దెబ్బ తగులుతుందోనని
నలభైలోనే పోతాడు మా అన్నయ్య.'

గదిలో నవ్వు దానంతట అదే ఆగిపోయింది. మా ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది రేడియోలో వేయలేదే."

"వేశారు అన్నయ్యా. మీరే కట్టేశారు."

మా ఆయన అన్నారు. "నేను నడిపేది నలభై కాదురా. నలభై ఐదు."

"ఈసారి వేయించే ప్లేట్లలో మారుస్తాను."

హెడ్‌మాస్టరు గారు నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఇద్దరన్నదమ్ములూ నవ్వారు. ఆ వారం సామాను ట్రక్కును ఇల్లినాయ్ దాకా మా ఆయనే నడిపారు. ఎంతసేపట్లో చేరారని ఎన్నిసార్లు అడిగినా, ఇద్దరిలో ఏ ఒక్కరూ నాకు చెప్పలేదు.

ప్లేట్లు మళ్ళీ వేయించే అవసరం రాలేదు. రెండో రికార్డూ రాలేదు. పెళ్ళయింది, కూతురు పుట్టింది, అక్కడి తెలుగు సంఘంలో చివరిదాకా గిటార్ వాయించాడు. రెండోది ఎందుకు చేయలేదని నేను కలిసినప్పుడల్లా అడిగేదాన్ని. "ఆ రికార్డులో ఉన్నవాళ్ళంతా ఒకే బిల్డింగ్‌లో దొరికారు వదినా. ఇప్పుడు ఒక్కొక్కరికీ లాంగ్ డిస్టెన్స్ కాల్ చేయాలి," అని ఒకసారి అన్నాడు. నవ్వు పాటలే ఎందుకని అడిగితే ఇంకోసారి ఇలా అన్నాడు. "ఏడుపు పాటకి జనం మర్యాదకైనా కూర్చుంటారు. నవ్వు పాటకి చివరిదాకా కూర్చున్నారంటే నిజంగా వింటున్నట్టే." అది పూర్తి జవాబని నాకు అనిపించలేదు. ఇంకోసారి అడగాలనుకున్నాను.

నేపర్‌విల్‌లో ఫ్యూనరల్ హోమ్‌కి మేమిద్దరం కొంచెం ముందుగా వెళ్ళాం. అప్పటికింకా ఎవరూ రాలేదు. అతనికి బూడిదరంగు సూటు వేశారు. చేతులు గుండె మీద ఒకదానిపై ఒకటి పెట్టారు, కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. ఆ చేతులు కదలకుండా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. మా ఆయన చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డారు. తర్వాత అక్కడి మనిషిని పిలిచి, మెల్లగా ఏదో అడిగారు. అతను సరేనన్నట్టు తలూపి పక్కకు జరిగాడు. మా ఆయన వంగి, తమ్ముడి కుడిచేతిని మెల్లగా ఎత్తి, ఎడమచేతిని దాని మీద పెట్టారు. తీగలు నొక్కీ నొక్కీ గట్టిపడిన ఆ నాలుగు వేళ్ళ కొసలు, కిటికీలోంచి వచ్చే వెలుతురులో, చిన్న గుండీల్లా మెరుస్తున్నాయి.