ఇంటిపేరు మారిన తేదీ

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏ రోజుది ఆ రోజే రాసుకునే నా డైరీలో కూడా ఆ సోమవారాలు ఖాళీగానే ఉన్నాయి. మొన్న మా చెల్లెలి కూతురు, పెళ్లయి ఏడాది తిరగని పిల్ల, ప్రభుత్వ ఇంటికి పెట్టుకున్న దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో కూర్చున్న చోటనే ఫోన్‌లో చూసుకుంటుంటే నా మనసు కలుక్కుమంది.

ఊరినిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలిసిన రోజులవి. శ్రీకాకుళం నుంచి వచ్చి మారేడ్‌పల్లి హాస్టల్లో దిగిన నాకు, సికింద్రాబాద్‌లో ఇళ్లు కేటాయించే ఆఫీసులో పని దొరికింది. కొత్త జంటలు ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా, పాత రిజిస్టర్లలోని పేర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, దరఖాస్తు తేదీని బట్టి వరస కట్టాలి. నా యాసకు నవ్వుతారని నోరు మెదిపేదాన్ని కాదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన నవల తెరిచి పెట్టుకుంటే నన్ను పలకరించేవాళ్లే లేరు.

ఒక్క ఆమె తప్ప. ఇంటికి దరఖాస్తు పెట్టుకున్న ఆమె మౌలాలిలో తల్లిగారింట్లో ఉండి జాకెట్లు కుట్టేది, భర్త బొల్లారంలో నలుగురితో కలిసి ఒకే గదిలో ఉండేవాడు, ఆదివారం ఆదివారం కలుసుకోవడమే వాళ్ల కాపురం. ప్రతి సోమవారం వచ్చి తన వరస అడిగి, ఇంకా అట్టడుగునే ఉందంటే, "మీ కంప్యూటర్‌కు జెర చాయ్ తాపియ్యక్కా, అప్పుడన్న లేస్తదేమో" అని నవ్వించేది. తర్వాత నా నవలలో కథ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పించుకునేది.

నాలుగో వారం ఆమె వెళ్లాక పాత రిజిస్టరు తీసి చూస్తే తప్పు నాదేనని తెలిసింది. పెళ్లి నిశ్చయమైనప్పుడే పుట్టింటి ఇంటిపేరుతో దరఖాస్తు పెట్టి, రెండేళ్ల తర్వాత అత్తింటి పేరుకు మార్పించుకుంది. ఆ మార్పించుకున్న తేదీనే నేను దరఖాస్తు తేదీగా కొట్టేశాను. దిద్దడం రెండు నిమిషాల పని. దిద్దితే ఆమెకు ఇల్లు వస్తుంది, ఇల్లు వస్తే ఆమె ఇక రాదు. పైఅధికారికి భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను గానీ, ఎనిమిది సోమవారాలు నేను ఊరుకున్నది భయంతో కాదు.

ఆ తర్వాతి తొమ్మిదో సోమవారం ఆమె కథ అడగలేదు. "నిన్న ఆయన రాలేదక్కా. గిదేం కాపురం, నువ్వు మీ అమ్మింట్లనే ఉండు అని కబురు పంపిండు" అని, కొంగుతో ముఖం తుడుచుకుని లేచిపోయింది. ఆమె మెట్లు దిగేలోపే తేదీ దిద్దాను.

తర్వాతి జాబితాలో వాళ్ల పేరు పైకొచ్చింది. తాళం చెవి చూపించడానికి ఇద్దరూ కలిసి వచ్చిన రోజున నిజం చెప్పేద్దామని లేచి నిలబడ్డాను, చివరికి వాళ్లకు కుర్చీలు మాత్రం జరిపాను. ఇప్పుడు ఎవరూ ఎవరి బల్ల దగ్గరా పడిగాపులు పడక్కర్లేదు, మంచిదే. ఆ పడిగాపులతోపాటు ఒక పలకరింపు కూడా పోయిందని బాధపడే హక్కు మాత్రం నాకు లేదు. ఆ రోజు గుమ్మం దాకా వెళ్లిన ఆమె, భర్తను ఆగమని వెనక్కి వచ్చి, నా చెయ్యి పట్టుకుని అంది: "నువ్వు లేకుంటే మా పేరు గట్లనే మూలకు పడుండేదక్కా."