బావ చెప్పిన ఎడారి ఇల్లు

లోకంలో అందరూ పాత ఇంటికి సున్నం కొట్టి కొత్తగా చేసుకుంటారు. తాండూరు శివశంకర్ మాత్రం కొత్త ఇల్లు కట్టి దాన్ని పాతది చేస్తాడు. గోడకు బీటలు తెప్పిస్తాడు, మెట్ల అంచులు అరగదీస్తాడు, తలుపుకు తుప్పు పట్టిస్తాడు. ఆ ఇల్లు మూరెడు ఎత్తు కూడా ఉండదు. ఫోటో ఫ్రేములు కట్టే దుకాణం వెనక గదిలో, థర్మాకోల్‌తోనూ అగరుబత్తి పుల్లలతోనూ ఆయన ఎడారి ఊళ్ళు కడతాడు. పుణేలో, బెంగుళూరులో కొందరు పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళు బొమ్మ జీపులూ ఒంటెలూ కొని, వాటి వెనకాల ఈ ఇళ్ళు నిలబెట్టి, అద్దాల పెట్టెల్లో పెట్టుకుని మురిసిపోతారు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఎడారి రంగుకు మాత్రం శివశంకర్ ఎక్కడికీ పోనక్కర్లేదు. నాపరాళ్ళు పాలిష్ చేసే మిల్లుల దగ్గర పొడి కుప్పలుగా పడి ఉంటుంది. దాన్ని గుడ్డలో జల్లించి, ఫెవికాల్‌లో కలిపి గోడకు పూస్తాడు. ఆరాక పలచని గోధుమ రంగు నీళ్ళు బీటల్లోకి పారిస్తాడు. ఆఖరున కుంచెను గుడ్డకు తుడిచి తుడిచి, రంగు ఉందా లేదా అన్నట్టు చేసి, గోడ మీద అలా ఆడిస్తాడు. ఎత్తుగా ఉన్న చోటే తెలుపు అంటుకుంటుంది. వందేళ్ళ ఎండ తిన్న గోడ కళ్ళముందు లేచి నిలబడుతుంది. ఇంతచేసీ ఆయన ఎడారిని చూసిన పాపాన పోలేదు. అదే ఆయనకున్న ఒకే ఒక్క దిగులు.

అందుకే అక్క పద్మారాణి భర్త చంద్రకాంత్ సౌదీకి పోతున్నానన్నప్పుడు శివశంకర్ సంబరం చూడాలి. చంద్రకాంత్‌ది వికారాబాద్. విత్తనాల దుకాణం పెట్టి చేతులు కాల్చుకుని, ఏజెంటును పట్టుకుని, స్టోర్ సూపర్‌వైజర్ ఉద్యోగమంటూ బొంబాయి రైలెక్కాడు. మొగుడు దూరమవుతున్నాడని అక్క ఏడుస్తుంటే, మా ఇంట్లో ఒకడు ఎడారి చూడబోతున్నాడని తమ్ముడు లోలోపల పొంగిపోయాడు.

అప్పటినుంచి ఏ ఇల్లు కట్టినా శివశంకర్ ఫోటో తీసి బావకు పంపేవాడు. బావ వాయిస్ మెసేజ్‌లో తప్పులు చెప్పేవాడు.

"కిటికీలు గింత పెద్దగ ఉండయి బామ్మర్దీ. ఇసుక గాలికి అన్నీ చిన్న చిన్నగ పెడ్తరు."

శివశంకర్ ఆ కిటికీలు పూడ్చి చిన్నవి కోసేవాడు. "మీ బావ చెప్తె వేదం," అని నవ్వేది భార్య వాసవి. ఆమెకు ఆ ఇళ్ళన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఇంకొక దాన్ని కడుతున్నాడంటే ఇంకొంచెం దుమ్ము ఊడ్వాలనే ఆమె లెక్క.

ఒకరోజు చంద్రకాంత్ తాను ఉండే ఇల్లే కట్టమన్నాడు. రెండంతస్తులు, బయటి నుంచి మెట్లు, నీలం రంగు ఇనుప తలుపు, పైన నీళ్ళ ట్యాంకు. "అక్కకు జెప్పకు. నేనొచ్చినంక నా చేతుల్తోని ఇస్త, మస్తు ఖుష్ అయితది," అన్నాడు. "నా పానం బోయినా చెప్ప బావా," అన్నాడు శివశంకర్. కట్టడం అయ్యాక బావ ఫోటోల కోసం తొందరపెట్టాడు. ఎండలో పెట్టాలట, చుట్టూ ఇసుక పొయ్యాలట, నేల మీద పడుకుని తీయాలట. అప్పుడే తప్పులు తెలుస్తాయట. శివశంకర్ డాబా మీద బోర్లా పడుకుని తీసి పంపాడు. పక్కింటివాళ్ళు చూసి నవ్వినా లెక్కచేయలేదు.

ఏడాది గడిచింది. భద్రేశ్వర జాతరకు పద్మారాణి తాండూరు వచ్చింది. చంద్రకాంత్ వచ్చే నెల సెలవు మీద వస్తానన్నాడు కాబట్టి, శివశంకర్ ఆ ఇంటిని బట్టల మూటలోంచి తీసి, దుమ్ము దులిపి, డాబా మీద రంగు సరిచేస్తున్నాడు. తడిబట్టలు ఆరేయడానికి పైకొచ్చిన పద్మారాణి బకెట్ అక్కడే దింపేసింది.

"ఇది మీ బావ ఉండే ఇల్లు గదరా! నీకెట్ల ఎరుక?"

రహస్యం బయటపడిపోయిందే అని శివశంకర్ నాలుక కరుచుకున్నాడు. ఆమె ఫోన్ తీసింది. సౌదీలో తానుండే ఇంటి ఫోటోలంటూ మొగుడు పంపినవి, ఎవరికైనా చూపిస్తే కంపెనీ వాళ్ళు ఉద్యోగం తీసేస్తారని దాచుకొమ్మన్నవి. ఒక్కొక్కటి చూపిస్తుంటే శివశంకర్ గర్వంతో ఇంకా దగ్గరికి జరిగాడు. ఉత్త మాటలు విని కట్టిన ఇల్లు అసలు ఇంటికి ఇంతగా సరిపోయిందా! ఫోటోను వేళ్ళతో పెద్దది చేశాడు. పక్కగోడ మీద, కిటికీ కింద, గీతలు గీతలుగా గుండ్రని ముద్ర ఒకటి కనిపించింది.

"గదేందని నేను గూడ అడిగిన," అంది పద్మారాణి. "గా దేశపోళ్ళు గోడలకు గట్లనే డిజైన్ ఏస్తరంట."

శివశంకర్ ఇంటిని తిప్పాడు. కట్టిన రోజుల్లో, పూత ఆరకముందే ఎత్తబోయి ఆ గోడ మీద బొటనవేలు ఆనించాడు. సరిచేద్దామనుకునేలోపే బావ ఫోటోలకు తొందరపెట్టాడు. తర్వాత మరిచిపోయాడు. ఇప్పుడు ఆ గుంటలో మళ్ళీ వేలు పెట్టి చూశాడు. కొలిచినట్టు కూర్చుంది. సౌదీలో ఉన్న ఇంటి గోడ మీద తన వేలిముద్ర ఉండదు కదా. అక్క చేతిలో ఉన్నది ఇదే డాబా మీద, ఈ బొమ్మ ఇంటికి తాను బోర్లా పడుకుని తీసిన ఫోటో.

పద్మారాణి వేలినీ గోడనూ మార్చి మార్చి చూసింది. మొగుడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. చంద్రకాంత్ మొదట నవ్వాడు, తర్వాత బుకాయించాడు, తర్వాత ఏడ్చాడు. ఏజెంటు బొంబాయిలోనే ముంచేశాడట. ముఖం చూపించలేక సేడంలో పప్పు మిల్లులో గుమాస్తాగా చేరాడట. సేడమంటే ఎక్కడో కాదు, తాండూరులో రైలెక్కితే గంట పట్టదు. రెండేళ్ళుగా గంట దూరంలో కూర్చుని సౌదీ కబుర్లు చెప్పాడు మహానుభావుడు.

అంతటితో ఆగినా బాగుండేది.

"నేనొక్కన్నే చేసిన్నా?" అన్నాడు. "శంకర్‌కు అంత ఎరుకే. ఫోటోలు ఆయనే పంపిండు. నువ్వు పరేషాన్ అయితవని ఇద్దరం అనుకోనే చేసినం."

"అబద్ధం అక్కా! నాకు తెల్వదు!" అని శివశంకర్ అరిచాడు. రుజువు చూపిద్దామని ఆత్రంగా తన ఫోన్ తీసి పాత మెసేజ్‌లు వినిపించాడు. అందులో బావ గొంతు "అక్కకు జెప్పకు" అంది. తన గొంతే "నా పానం బోయినా చెప్ప" అంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఆయన నోటితో ఆయనే దొంగయ్యాడు. పద్మారాణి తడిబట్టల బకెట్ అక్కడే వదిలేసి, జాతర రథం లాగడం కూడా చూడకుండా వికారాబాద్ బస్సెక్కేసింది.

వారానికల్లా చంద్రకాంత్ ఇల్లు చేరాడు. ఊళ్ళోవాళ్ళు పాపం అన్నారు, సిగ్గుకు దాక్కున్నాడులే అన్నారు. పద్మారాణి నాలుగు రోజులు ముఖం ముడుచుకుని, అయిదో రోజు అన్నం పెట్టింది. అబద్ధమాడినవాడు పీట మీద కూర్చున్నాడు, నమ్మినవాడు గడప బయట ఉండిపోయాడు. శివశంకర్ ఫోన్ చేస్తే అక్క ఎత్తేది కాదు. పుణే ఆయన బజారు వీధి కట్టమని అడిగితే చేయలేనని చెప్పాడు. తాను ప్రాణం పెట్టి చేసిన పనితోనే అక్కను మోసం చేశారు. కుంచె పట్టుకుంటే ఆయనకు అదే గుర్తొచ్చి ఒళ్ళు మండేది.

రాఖీ పున్నమి నాడు పొద్దున్నే పద్మారాణి ఫోన్ చేసింది. "వికారాబాద్ బస్టాండ్‌కు రా. ఇంటికి రాకు," అంది. ఆయన చెప్పులు సరిగా వేసుకోకుండానే పరుగెత్తాడు.

బస్టాండ్ మూలన, మోమిన్‌పేట్ బస్సులు ఆగే చోట ఆమె నిలబడి ఉంది. చేతిలో చిన్న కవరు, అందులో రాఖీ, పేడా మిఠాయి. తమ్ముణ్ణి చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నీకు తెల్వదని నాకు ఎరుకే తమ్మీ," అంది. "గా దినమే ఎరుకైంది. చిన్నప్పటి సంది నీ ముఖం చూస్తలేనా?"

శివశంకర్‌కు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. "మరి ఇన్ని దినాలు నా మీద కోపమెందుకే అక్కా?"

"ఆయన ఒక్కడే చేసిండంటే నేను ఆయనతోని ఎట్ల బత్కాలె? ఇద్దరు గలిసి నా మంచికే చేసిన్రనుకుంటె జర ఓర్వొస్తది. మొగని మీద కోపం బెట్టుకుంటె ఇల్లు గూలుతది. తమ్మునివి, నువ్వేడికి పోతవ్? అత్తోళ్ళకు, ఊరోళ్ళకు నువ్వు గూడ ఉన్నవనే చెప్పిన. గట్లనే ఉండనియ్యి." కవరులోంచి రాఖీ తీసింది. "చెయ్యి పట్టు. కట్టినట్టు బావకు చెప్పకు."

చేయి అప్పటికే సగం ముందుకు వచ్చింది. దొంగ కాదని తెలిసీ అక్క తనను దొంగను చేసింది. పరాయివాడైన బావ చేసిన మోసం ఇంత నొప్పి పెట్టలేదు. శివశంకర్ చేయి వెనక్కి తీసుకున్నాడు.

"కడ్తె మీ ఇంట్ల కట్టు అక్కా. బావ ముంగట గూసోవెట్టి, మా తమ్మునికి ఏం తెల్వదు అని చెప్పి కట్టు. నేనిప్పుడే నడుస్త."

పద్మారాణి ఇంటివైపు పోయే రోడ్డును చూసింది. మెల్లగా రాఖీని మళ్ళీ కవరులో పెట్టింది.

"పేడానన్న తిను," అంది.

తాండూరు బస్సు వచ్చింది. శివశంకర్ ఏమీ తీసుకోకుండా ఎక్కి కూర్చున్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్ళందరి చేతులకూ రంగురంగుల దారాలున్నాయి. కండక్టర్ టికెట్ అడిగితే ఆయన ఎడమచేత్తో డబ్బులిచ్చి, కుడిచేయి ఒళ్ళోనే దాచుకున్నాడు.