నేను ఒలకబోసిన గిన్నె

తాగని ఒక గుటక ఇన్నేళ్లుగా నా గొంతులో బరువుగా నిలిచి ఉంది. దాన్ని ఇవాళ దించబోతున్నాను. గుడిగంట మోగేలోగా రాసేయాలి. అక్షరాలు వంకరపోతున్నాయి. పోనీ. మీరెవరో నాకు తెలియదు, అందుకే గుడిలో అందరికీ చెప్పేముందు మీకు చెబుతున్నాను.

గండికోటకు దిగువన, పెన్న ఒడ్డున మా పల్లె. మేం మాలలం. మా తాతల నాడే ఏసు ప్రభువును నమ్ముకున్నాం. కరువు వచ్చిన ఏట మాదిగవీధి నుంచి దేవదానం ఒక్కడే మా గుడిలో చేరాడు. బావుల్లో ఎద్దులతో నీళ్లు తోడే తోలు బానలు కుట్టడం అతని పని. అతను కుట్టిన బానలోంచి వచ్చే నీళ్లను నేను దోసిళ్లతో తాగేవాణ్ణి.

మరి గిన్నె?

జమ్మలమడుగు నుంచి పాదిరి అయ్యగారు జట్కాలో వచ్చి ప్రభు భోజనంగా రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే రోజున అందరికీ ఒకటే గిన్నె. చివర మిగిలిన ద్రాక్షారసం తాగి, గిన్నె కడిగి పెట్టడం సంఘపెద్ద వంతు. ఆ సంఘపెద్దను నేనే. దేవదానం పెదవి తగిలిన గిన్నె నా నోటికి రావాలి. నేను తాగలేదు. గిన్నె పైకెత్తి, గుటక వేసినట్టు గొంతు కదిలించి, కడిగే నెపంతో గుడి వెనక్కి పోయి మట్టిలో పోసేవాణ్ణి. ఊళ్లోవాళ్లు మమ్మల్ని దూరంగా నిలబెట్టి పైనుంచి నీళ్లు పోసినప్పుడల్లా నాకు కడుపు మండేది. అదే పని నేను ఇంకొకరికి చేస్తున్నానని ఆ మట్టి దగ్గర ఎందుకు తోచలేదు? తోచింది. తోచినా పోశాను.

ఒకసారి పోసి వెనక్కి తిరిగేసరికి దేవదానం నిలబడి ఉన్నాడు. గిన్నెను చూశాడు. ఎర్రగా తడిసిన నేలను చూశాడు.

“ఏమన్నా, ఒలికిపాయనా?”

“చెయ్యి జారిందప్పా.”

“జారదా మరి! నేను కుట్టిన బాన నా చేతిలోంచే జారి బాయిలో పడలా? మా ఆడామె ఈ పొద్దుకీ నవ్వుతాంటాది. ఎవురికీ చెప్పనులే, నువ్వు పో అన్నా.”

వంగి, ఆ తడి మీద పొడిమన్ను చేత్తో కప్పాడు. నేను చెప్పిన అబద్ధానికి తనే సాక్ష్యం వెతికి ఇచ్చాడు.

ఆ తర్వాత అతను గిన్నె ముట్టలేదు. రొట్టె తీసుకునేవాడు. గిన్నె రాగానే తల వంచి, పక్కవాడికి పోనిచ్చేవాడు. ఎందుకో నాకొక్కడికే తెలుసు. ప్రభువు గిన్నె మట్టిపాలు కాకూడదని, నేను తాగాలని, తన వంతు వదులుకున్నాడు. నేను తాగాను! చివరి చుక్క దాకా తాగాను!

మా సంఘంలో గిన్నె ముట్టనివాడంటే పాపం దాచినవాడే. “యాడ ఏం చేసినాడో, ముట్టాలంటే భయపడతాండాడు,” అన్నారు. కోతపండుగకు అతను తెచ్చిన జొన్నకంకులు విడిగా ఓ మూల పెట్టారు. ప్రార్థన చేయమని అతన్ని ఎవరూ పిలవలేదు. నేను ఒక్క మాట అంటే ఆగేది. పాటల పుస్తకంలో తల దూర్చాను.

నిన్న సాయంత్రం, ఇవాళ గుడిలో చదవాల్సిన భాగం తీశాను. లూకా సువార్తలో పరిసయ్యుడనే ఆచారపరుడు, పాపి అని అందరూ ఏవగించుకునే పన్ను వసూలుదారు సుంకరి, ఇద్దరూ ప్రార్థనకు పోయిన కథ. ఎన్నిసార్లు చదివి వినిపించానో. ప్రతిసారీ నేను సుంకరిననే అనుకున్నాను, ఊరు మమ్మల్ని అలాగే చూసింది కనుక. నిన్న, ముందు నిలబడి తన మంచితనం చెప్పుకునేవాడి గొంతు విన్నాను. అది నా గొంతే! వెనక, కళ్లెత్తకుండా నిలబడ్డ మనిషీ నాకు తెలిసినవాడే. ఆ సుంకరి తన పాపానికి తల వంచాడు. దేవదానం వంచింది నా పాపానికి.

లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. ఏడుపో నవ్వో తెలియలేదు. “ఏమాయ నీకు, తేలుగాని కుట్టిందా?” అంది నా భార్య. ఆమెకు చెప్పేశాను. ఆమె నా చేతుల వైపే చూసింది.

అదిగో, గంట మోగుతోంది. జట్కా వచ్చింది. చదవడం అయ్యాక ఇదంతా అందరి ముందూ చెబుతాను. చెప్పి, వెనక్కి పోయి దేవదానం పక్కన కూర్చుంటాను. గిన్నె వస్తే అతను అందుకుంటాడా? తెలియదు. అందుకోమని అడిగే ముఖం నాకు లేదు. అతను తాగితే, అంచు తుడవకుండా ఆ వెంటనే తాగుతాను. తాగకపోతే నేనూ తల వంచి పోనిస్తాను. ఎందుకు వంచానో ఈసారి గుడిలో అందరికీ తెలిసి ఉంటుంది.