మా అమ్మకు మంచినీళ్ళు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నులక మంచమే దిక్కు. మా ఊరు రొంపిచెర్లకు అవతల, ఆసుపత్రేమో నరసరావుపేటలో. వానలు పడితే నల్లరేగడిలో బండి ఇరుసు దాకా దిగబడేది. అందుకని మనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసేవాళ్ళు. దారిలో ప్రతి ఊరి గూడెం దగ్గరా మంచం దించితే, అక్కడి మగవాళ్ళు భుజం మార్చుకుని తరవాతి ఊరి దాకా మోసేవాళ్ళు. మేం కిరస్తానీలం. పెద్ద వీధుల్లో మా మంచానికి భుజం పట్టేవాళ్ళు లేరు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నాకు తొమ్మిదో ఏడు. అమ్మకు కాన్పు కష్టమై రెండు రోజులైంది. మంత్రసాని చేతులెత్తేసింది. నాన్న మాచర్ల వైపు కూలికి పోయి ఉన్నాడు, కబురు అందలేదు. అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్యే, మంచం కట్టించాడు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక నన్నూ వెంట తీసుకెళ్ళాడు. నాకు భయం వెయ్యలేదు, ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. కాళ్ళకు అంటుకున్న బురద ఎంత బరువుందో మాత్రం గుర్తుంది.

తుంపర మొదలైతే ఎవరో అమ్మ మీద తెల్ల దుప్పటి కప్పారు, ముఖం కూడా కనపడకుండా. అదే మేం చేసిన తప్పు. రెండో ఊరి గూడెంలో మమ్మల్ని చూసి, శవమనుకుని తలుపులు మూసుకున్నారు. బతికే ఉందని మావాళ్ళు ఎంత కేకేసినా తెల్ల దుప్పటినే నమ్మారు. మోసుకొచ్చినవాళ్ళకు ఇంకో అడుగు వేసే ఓపిక లేదు.

తాతయ్య దుప్పటి తీశాడు. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఆయన వంగి ఆమె పెదవుల దగ్గర చెవి పెట్టి, నా వైపు తిరిగాడు.

"ఒసేయ్, మీ అమ్మ మంచినీళ్ళు అడుగుతా ఉంది. ఆ ఇంటికి పోయి అడుక్కురా పో."

వెళ్ళాను. బతిమాలలేదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. తలుపు సందులోంచి ఒక పెద్దామె చూసింది.

"అడిగిందా? నోరు తెరిచి అడిగిందా?"

ఊఁ అన్నాను. ఆమె చెంబుతో బయటికొస్తూనే వీధంతా వినపడేలా అరిచింది. "ఒరేయ్, బతికున్న మనిషిరా! ఏందిరా కూర్చున్నారు, లెగండి!"

ఆరుగురు వచ్చారు. అమ్మ మాత్రం ఒక్క చుక్క కూడా మింగలేదు.

చీకటి పడకముందే పేట చేరాం. డాక్టరమ్మ అమ్మను దక్కించింది. బిడ్డ దక్కలేదు. తమ్ముడట. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. అనిపించనందుకు సిగ్గేసింది.

అమ్మ లేచి తిరుగుతున్న రోజుల్లో, అడిగి మరీ తాగలేదేమని నిలదీశాను. తనకు అసలు స్పృహే లేదంది. తాతయ్యను పట్టుకుంటే, "శవానికి ఎవరన్నా నీళ్ళడుగుతారా?" అని ఊరుకున్నాడు. ఆదివారం గుడి తప్పని మనిషి నాతో ఆడించిన అబద్ధం అదొక్కటే.

ఆ మొద్దుతనం నాతోనే ఉండిపోయింది. మా ఆయన్ని అంబులెన్సులో తీసుకెళ్ళిన రోజున కూడా నాకు కన్నీరు రాలేదు. మంచినీళ్ళు తాగుతారా అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాను. మనిషి లేడని ఆసుపత్రిలో చెప్పారు. చెప్పాక కూడా ఇంకోసారి అడిగాను.