ఫిర్మిన్ కథకు స్టాన్ చేష్టలు

ఫిర్మిన్‌కి మానసిక రోగమని గేల్‌లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ ఊళ్లో తరతరాలుగా అలాంటివాళ్లను ఇళ్లలో పెట్టుకుని సొంత మనుషుల్లా చూసుకుంటారు. ఏ ఇంట్లో ఎవరు యజమానో, ఎవరు బయటినుంచి వచ్చినవాళ్లో అడిగితే చెప్పరు. అడగడమే అమర్యాద. లుత్‌గార్ద, స్టాన్ దంపతుల ఇంట్లో ఉంటూనే ఫిర్మిన్‌కి తల నెరిసింది. వంటకు సాయం చేస్తాడు, ఊరి బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తాడు, తీరిక దొరికితే ఊళ్లోవాళ్ల తలుపుల బొమ్మలు గీస్తాడు. తలలో గొంతులు వినిపిస్తూనే ఉంటాయి. వాటి మానాన వాటిని వాగనిచ్చి తన పని తను చేసుకుంటాడు.

ఆ తలుపుల బొమ్మలే కొంప ముంచాయి. ఆంట్‌వర్ప్‌లో ఎవరో వాటిని ప్రదర్శనకు పెట్టారు. పేరొచ్చింది, పేరు వెనకే అతని కథ తీస్తామంటూ సినిమావాళ్లూ వచ్చారు. ఫిర్మిన్ మురిసిపోయి సరేనన్నాడు. తీరా కథ చదివితే, మొదటి సీనులోనే తను చొక్కా తప్ప ఒంటిమీద మరేమీ లేకుండా సంత మైదానంలో నిలబడి, చర్చి గంటలు తన తప్పులు చాటుతున్నాయని అరుస్తున్నాడు. అది నిజంగా జరిగిందే. ఎప్పుడో ఒక్క పొద్దున. ఊరు దాన్ని పెద్దమనసుతో మరిచిపోయింది.

"ఆ ఒక్క పూట తప్ప నేను బతకనే లేదామ్మా?" అని దర్శకురాలిని అడిగాడు. "నేను ఆలుగడ్డలు చెక్కు తీస్తుంటా, లోపల గొంతులు సణుగుతుంటాయి, పక్కన లుత్‌గార్ద అపశ్రుతిలో పాడుతుంటుంది. అది తీయండి."

"అందులో ఏమీ జరగదు కదండీ," అందావిడ.

ఫిర్మిన్‌కి ఒళ్లు మండింది. ఊరంతా తనను మళ్లీ ఆ ఒంటి చొక్కాలోనే చూస్తుందని దిగులు పట్టుకుంది.

అలాంటి సమయంలో, అతని వేషం వేయబోయే సెప్పె అనే కుర్ర నటుడు వారంపాటు ఆ ఇంట్లో ఉండి చూసి నేర్చుకుంటానని దిగాడు. ముందే ఫిర్మిన్ ఫొటోలు చూస్తే లోపలి మనిషి దొరకడని అతగాడి సిద్ధాంతం. తలుపు తీసింది ఫిర్మినే, నడుముకు ఏప్రాన్ కట్టుకుని.

"ఇంటి యజమాని మీరేగా?"

"లోపలికి రా బాబూ, కాఫీ తాగుదువుగాని," అన్నాడు ఫిర్మిన్. అవుననలేదు, కాదనలేదు.

పెరట్లో స్టాన్ పందెం పావురాన్ని దులిపేస్తున్నాడు. "సిగ్గులేదూ నీకు? నిన్న వదిలితే ఇవాళా రావడం? రాత్రంతా ఎవరింట్లో పడుకున్నావ్?"

సెప్పె కళ్లు మెరిశాయి. "ఆయన్ని మీరు ఎన్నాళ్లుగా చూసుకుంటున్నారు?"

"చాలా ఏళ్లయింది. ఓపిక కావాలి నాయనా," అన్నాడు ఫిర్మిన్.

ఇక చూడాలి సెప్పె శ్రద్ధ. స్టాన్ చెంచాను బనియనుకు తుడిచి సూపు తాగితే అదీ, గ్యాసు కట్టానా లేదా అని పక్కమీంచి లేచొస్తే అదీ, అన్నీ పట్టేశాడు. అనుమానమొచ్చి, ఆ ఇద్దరిలో బయటినుంచి వచ్చిందెవరని రొట్టెల కొట్లో అడిగితే, "ఆ ఇంట్లో ఉండేవాళ్లంతా ఆ ఇంటివాళ్లే," అని కొట్టువాడు రొట్టె చేతిలో పెట్టి పంపేశాడు.

"ఏమయ్యోయ్, ఆ పిల్లాడు నేర్చుకుంటున్నది మా ఆయన్ని, నిన్ను కాదు," అంది లుత్‌గార్ద.

"నన్నెవరూ అడగలేదమ్మా. అడక్కుండా చెప్పడం మనూరి పద్ధతా?"

పొయ్యిమీద సూపు పొంగుతోందన్న వంకతో ఆవిడ వంటింట్లోకెళ్లి కడుపారా నవ్వుకుంది.

సినిమా మొదట గేల్‌లోనే వేశారు. తెరమీద మనిషి ఒంటి చొక్కాతో మైదానంలోకొచ్చాడు. అరిచాడు. ఆపైన పావురాలను పిలిచినట్టు ఈల వేసి, చెంచాను చొక్కాకు తుడిచాడు. "ఓరి, మన స్టాన్‌రా," అని బ్యాండువాళ్లు కుర్చీల్లో దొర్లారు. ఫిర్మిన్ అరిచిన ఆ పొద్దు ఎవరికీ గుర్తురాలేదు. బ్రస్సెల్స్ డాక్టరొకాయన వేదికెక్కి, ఒక రోగిని ఇంత నిక్కచ్చిగా ఏ సినిమాలోనూ చూపలేదని, ఆ చెంచా తుడవడమొక్కటి చాలని పొగిడాడు. ఫిర్మిన్‌కి నవ్వి నవ్వి పొట్ట నొప్పెట్టింది. స్టాన్ మాత్రం టోపీ నలుపుతూ కూర్చున్నాడు.

తర్వాత వేరే ఊళ్లనుంచి జనం రావడం మొదలైంది. పెరటి కంచె దగ్గర నిలబడి స్టాన్‌ని చూస్తారు, జాలిగా నవ్వుతారు, ఒక్కో మాటా నెమ్మదిగా విడదీసి పలకరిస్తారు. స్టాన్ పావురాలతో మాట్లాడటం మానేశాడు.

"ఒరేయ్, ఎన్నాళ్లు చూస్తార్రా ఇలా?" అని ఒక మధ్యాహ్నం వంటింట్లోకొచ్చి అడిగాడు.

"మా అన్నయ్య నన్నింకా అలాగే చూస్తున్నాడు," అన్నాడు ఫిర్మిన్.

అన్నాక అతనికే మనసు చివుక్కుమంది. తను తప్పించుకోవాలనుకున్నదాన్ని తెచ్చి స్నేహితుడి నెత్తిన పెట్టాడు. ఏప్రాన్‌తోనే కంచె దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఒకావిడ నిలబడి ఉంది.

"ఆ సినిమా కథ నాదమ్మా. ఫిర్మిన్‌ని నేను. మైదానంలో అరిచింది నేను, ఇప్పటికీ గొంతులు వినిపించేది నాకు. ఆయనకేమీ లేదు."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత కంచె మీదుగా చెయ్యి చాచి, అతని చేతిని మెత్తగా నొక్కింది.

"ఆయన్ని కాపాడుకోవడానికి ఎంత మాటైనా అంటారు మీరు," అంది. "మిమ్మల్ని చూస్తే తెలియడం లేదూ, మీరు మామూలు మనిషని?"